మూడు–ఏడు అంటే దేని కొలత? కొత్త ఇంటి తలుపుల సైజులు

ప్రశ్న (ఖమ్మం నుంచి)

నమస్కారం. ఖమ్మం శివార్లలో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. బేస్‌మెంట్ పూర్తయింది, గోడలు మొదలుకావాలి. శ్రావణంలో దర్వాజా నిలబెట్టడానికి ముహూర్తం కూడా పెట్టించాం. సింహద్వారానికి మూడున్నర–ఏడు (అడుగుల్లో వెడల్పు, ఎత్తు), పడకగదులకు మూడు–ఏడు, బాత్రూములకు రెండున్నర–ఏడు చాలునని, అందరూ ఇవే పెట్టుకుంటున్నారని మేస్త్రీ గారు అంటున్నారు. వాస్తు చూసిన పెద్దమనిషేమో సింహద్వారం నాలుగడుగులు ఉండాలని, రెండు రెక్కలు తప్పనిసరి అని చెప్పారు. మాతో ఉండే మా అత్తగారు వాకర్ పట్టుకుని నడుస్తారు, మున్ముందు చక్రాల కుర్చీ అవసరం పడవచ్చు. కర్ర కోయించిన తరువాత సైజు మార్చుకోలేము గనుక, ఏ గదికి ఎంత పెట్టాలో, పెంచితే ఖర్చు ఎంతవరకు పెరుగుతుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (సివిల్ ఇంజనీరు, విజయవాడ)

మేస్త్రీ గారు చెప్పిన మూడు–ఏడు దర్వాజా, అంటే ద్వారబంధం, బయటి కొలత. మనిషి నడిచే దారి అంతకంటే తక్కువ ఉంటుంది. మన దగ్గర లోపలి గదులకు ఎక్కువగా వాడేది 5×3 అంగుళాల కర్ర. అందులో 5 అంగుళాలు గోడ మందం వైపు, 3 అంగుళాలు ఎదుటికి కనిపించే వైపు ఉంటాయి. మూడడుగుల దర్వాజాలో రెండు నిలువు కర్రలకు 6 అంగుళాలు పోతే మిగిలేది రెండున్నర అడుగులు. తలుపు తొంభై డిగ్రీలకు తెరిచినప్పుడు రెక్క మందంలో కొంత దారిలోకి వస్తుంది కాబట్టి మరో అంగుళం తగ్గి, చివరకు 29 అంగుళాల దగ్గర ఆగుతుంది. ఇదే లెక్కన రెండున్నర అడుగుల బాత్రూము తలుపులో దొరికే దారి 23 అంగుళాలే. పెద్దవాళ్లకు వాడే మామూలు చక్రాల కుర్చీ 25 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, చక్రం తిప్పే చేతులకు ఇరువైపులా ఇంకొంత ఎడం కావాలి. అంటే మీ మేస్త్రీ గారి కొలత ప్రకారం ఆ కుర్చీ పడకగదిలోకి ఇరుకుగానైనా వెళుతుంది గాని, ఎక్కువ అవసరమైన బాత్రూములోకి వెళ్లనే వెళ్లదు.

చక్రాల కుర్చీలు వెళ్లవలసిన ద్వారాలకు 900 మిల్లీమీటర్ల ఖాళీ దారి ఉండాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. సొంత ఇంట్లో ప్రతి గదికీ అంత పట్టుబట్టనక్కరలేదు. అత్తగారి గదికి మూడున్నర అడుగుల దర్వాజా పెట్టండి, 35 అంగుళాల దారి వస్తుంది. ఆ గది బాత్రూముకు 3 అడుగుల 3 అంగుళాలు పెడితే 32 అంగుళాలు దొరుకుతుంది. మిగతా పడకగదులకు మూడడుగులు సరిపోతుంది. అత్తగారి గది తలుపు మూడడుగుల నడవలో పక్కగోడకు వస్తుంటే మాత్రం తలుపు ఎంత వెడల్పున్నా కుర్చీ మలుపు తిరగదు. ప్లానులో ఆ చోటు ఒకసారి చూసుకోండి. పెద్ద మంచాలు, ఫ్రిజ్‌లు ఇరుక్కుపోయేది కూడా చాలాసార్లు ఇలాంటి మలుపుల్లోనే.

ఎత్తు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఏడడుగులు అన్నది టైల్స్ వేసిన తరువాతి మట్టం నుంచి లెక్క. ఇప్పుడున్న కాంక్రీటు మీద దర్వాజా నిలబెట్టి ఏడడుగులు కొలిస్తే, తరువాత టైల్స్, వాటి కింది మాలు కలిసి రెండున్నర మూడు అంగుళాలు మింగేస్తాయి. పూర్తయిన నేల మట్టాన్ని ముందే గోడ మీద గీత గీయించి, ఆ గీత నుంచే లింటల్ (తలుపు పైన వచ్చే కాంక్రీటు దూలం) ఎత్తు కొలిపించండి.

జవాబు 2 (వడ్రంగి పని, రాజమహేంద్రవరం)

ఇంజనీరు గారి లెక్క సరైనదే. ఖర్చు గురించి అడిగారు కనుక నేను చెబుతాను. ద్వారబంధం వెడల్పు అర అడుగు పెంచితే నిలువు కర్రలు మారవు, పైకర్ర ఒక్కటే అర అడుగు పొడవవుతుంది. 5×3 కర్రలో అది ఘనపుటడుగులో ఇరవయ్యో వంతు మాత్రమే. కింద గడప కూడా ఉంటే పదో వంతు. అసలు ఖర్చు రెక్కలో పెరుగుతుంది, సుమారు మూడున్నర చదరపుటడుగులు ఎక్కువ పడుతుంది. అది కూడా లోపలి గదులకు ఫ్లష్ డోర్ (దుకాణంలో సిద్ధంగా దొరికే నున్నటి పలక తలుపు) వేసుకుంటే పెద్ద భారం కాదు. సింహద్వారానికి టేకు రెక్క చేయిస్తే మాత్రం తేడా బాగా తెలుస్తుంది.

ఫ్లష్ డోర్లు వేసేవారు ముందుగా దుకాణంలో ఏ సైజులు సిద్ధంగా దొరుకుతున్నాయో కనుక్కుని, దానికి తగ్గట్టు ద్వారబంధం చేయించడం మంచిది. చుట్టూ ఉన్న చెక్క పట్టీ వరకే ఆ తలుపును కోయవచ్చు. సైజు కుదరలేదని రెండు మూడు అంగుళాలు కోసేస్తే పట్టీ పల్చనై, బందుల మరలకు పట్టు ఉండదు. రెక్క కొలత కోసం ద్వారబంధం లోపలి ఖాళీకి ఒక అంగుళం కలపాలి, ఎందుకంటే రెండు పక్కలా గాడిలోకి అర అంగుళం చొప్పున వెళుతుంది.

రెండు రెక్కల సింహద్వారం గురించి నా అభిప్రాయం వేరు. నాలుగడుగుల ద్వారబంధానికి 4 అంగుళాల కర్ర వాడితే లోపల 40 అంగుళాలు మిగులుతుంది, రెక్కకు 20 చొప్పున. రోజూ ఇంట్లో తెరిచేది ఒక రెక్కే. ఆ ఇరవై అంగుళాల్లోంచి కూరగాయల సంచితో వచ్చినా పక్కకు తిరిగి రావాలి, ఇక వాకర్ సంగతి చెప్పేదేముంది. రెండు రెక్కలే కావాలంటే అయిదడుగులైనా పెట్టండి, లేదా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చేయించండి. పెద్ద రెక్కను 30 అంగుళాలు చేసి, చిన్నదాన్ని గొళ్లెం వేసి ఉంచి, బీరువా లోపలికి తేవలసిన రోజున తెరుచుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అసమానమైన రెక్కల మాట వాస్తు పెద్దమనిషితో మాట్లాడితే ఆయనా ఒప్పుకున్నారు. రెండు సందేహాలు మిగిలాయి: సింహద్వారానికి గడప లేకుండా మా ఇంట్లో ఒప్పుకోరు, మరి వాకర్ తగలకుండా ఎలా? బాత్రూము తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా?

జవాబు 3 (సివిల్ ఇంజనీరు, విజయవాడ)

పెద్దవారు వాడే బాత్రూముకు బయటికి తెరుచుకునే తలుపే పెట్టండి. లోపల జారిపడినవారు తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపును నెట్టడం కుదరదు. బయట చోటు లేకపోతే గోడ పక్కకు జరిగే తలుపు ఉంది గాని, దాని పట్టాలు గోడ మీద బిగించడానికి తలుపంత ఖాళీ గోడ పక్కన ఉండాలి, అక్కడ స్విచ్‌బోర్డు రాకూడదు. లోపలి గదుల తలుపులకు మూల నుంచి కనీసం 4 అంగుళాలు గోడ వదిలితే, రెక్క పూర్తిగా వెనక్కి వాలి, పిడి గోడకు తగలకుండా ఉంటుంది.

జవాబు 4 (వడ్రంగి పని, రాజమహేంద్రవరం)

గడప మానుకోనక్కరలేదు. గడప కర్రను టైల్స్ మట్టంలోకి దించి బిగిస్తే అర అంగుళం మాత్రమే పైకి కనిపిస్తుంది, దాని అంచులను ఏటవాలుగా చెక్కిస్తే వాకర్ కాళ్లు ఆగవు. పసుపు రాసి బొట్లు పెట్టుకోవడానికి పైభాగం ఎప్పటిలాగే ఉంటుంది. నేలలోకి దిగే భాగానికి మాత్రం చెదలు పట్టని మందు ముందే పూయించి, ఆరాకే బిగించమనండి. కర్ర కోతకు ఇచ్చే కాగితం మీద ‘మూడున్నర–ఏడు’ అని ఒకే అంకె రాయకుండా, బయటి కొలత, లోపలి ఖాళీ, రెక్క సైజు, తెరుచుకునే వైపు నాలుగూ ప్రతి తలుపుకూ విడివిడిగా రాసి, ఒక ప్రతి మేస్త్రీకి, ఒకటి వడ్రంగికి ఇవ్వండి.