ఫిల్మ్ ఆర్కైవింగ్ చదవడానికి స్కాలర్‌షిప్‌లు ఏమైనా ఉన్నాయా? (వైజాగ్ నుంచి)

మద్దిలపాలెం_మౌని
అందరికీ నమస్తే. ఏయూలో లైబ్రరీ సైన్స్ పీజీ ఆఖరి ఏడాది నేను. పాత సినిమా రీళ్లు, వీడియో క్యాసెట్లు పాడవకుండా దాచడం, రిపేరు చెయ్యడం, డిజిటైజ్ చెయ్యడం, ఈ లైన్‌లోకి వెళ్దామని ఉంది. మా మావయ్యకి డాబాగార్డెన్స్‌లో పెళ్లి వీడియోల షాపుండేది, మూసేసి చాలా ఏళ్లయింది, మొన్న అటక మీంచి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దించితే టేపు అంచు మీద తెల్లగా పిండి చల్లినట్టు బూజు. అప్పట్నుంచి ఇదే పిచ్చి. ఇంట్లోనేమో బ్యాంకు కోచింగుకి పో అంటున్నారు. మన దేశంలో కోర్సుందా? డబ్బు ఎవరైనా ఇస్తారా? లోను పెట్టి బయటికి వెళ్లడం తెలివైన పనేనా?

రీలుబాబాయ్
అమ్మా, ముందు ఆ క్యాసెట్లు వీసీఆర్‌లో పెట్టకు. బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ పాకుతుంది. శుభ్రం చేశాకే ప్లే చెయ్యాలి.

ఇక చదువు సంగతి. నేను ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, కాబట్టి చేతి పని గురించే చెప్తా. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అని ముంబైలో ఉంది, 2014లో పెట్టారు, వాళ్లు అంతర్జాతీయ ఆర్కైవుల సంఘం ఫియాఫ్‌తో కలిసి ప్రిజర్వేషన్ వర్క్‌షాప్ నడుపుతారు, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో. 2019లో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే జరిగింది. రీలు బల్ల మీద వేసి అంచు చిల్లులు చిరిగిన చోట అతికించడం, ఎంత కుంచించుకుపోయిందో కొలవడం, అన్నీ నీ చేత్తో చేయిస్తారు. ఫీజు ఉంటుంది గానీ స్కాలర్‌షిప్ సీట్లు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి, నోటిఫికేషన్ పడగానే మెయిల్ కొట్టి అడుగు, మొహమాటపడకు. ఈ పని నీ ఒంటికి పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. అసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ రీలు కుళ్లితే డబ్బా మూత తియ్యగానే వెనిగర్ ఘాటు ముక్కులోకి కొడుతుంది, ఆ ఆవిరి పక్క రీళ్లని కూడా పాడుచేస్తుంది, మన సముద్రపు తేమలో ఇంకా తొందరగా. డబ్బాలో ఏడీ స్ట్రిప్ అని చిన్న నీలం కాగితం పెడతారు, అది ఆకుపచ్చకి, ఆ తర్వాత పసుపుకి తిరిగిందంటే ఆ రీలుని అర్జెంటుగా వేరు చెయ్యాలన్నమాట. ఇలాంటివి పుస్తకంలో చదివితే ఎక్కవు.

ఆమ్‌స్టర్‌డామ్_అప్పలరాజు
బాబాయ్ చెప్పింది కరెక్టే, అది చేశాకే బయటికి అప్లై చెయ్యి. ముందే చెప్తున్నా, "ఫిల్మ్ ఆర్కైవింగ్ స్కాలర్‌షిప్" అని పేరు పెట్టి వెతికితే నీకేటీ దొరకదు. కోర్సు ముందు, డబ్బు తర్వాత. అమెరికాలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియంలో సెల్జ్‌నిక్ స్కూల్, ఏడాది సర్టిఫికెట్ కోర్సుంది, రోచెస్టర్ యూనివర్సిటీతో కలిపి ఎంఏ కూడా. ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో సినిమాలు, వీడియోల పరిరక్షణ మీదే మాస్టర్స్ ఉంది, 'ఐ' అనే ఫిల్మ్ మ్యూజియం ఇదే ఊళ్లో ఉండటం పెద్ద లాభం, యూరప్ బయటివాళ్లకి మెరిట్ స్కాలర్‌షిప్ ఉంటుంది గానీ పోటీ గట్టిది. ఏమియా అని ఆర్కైవిస్టుల సంఘం ఉంది, వాళ్ల స్కాలర్‌షిప్‌లు ఇలాంటి కోర్సులో చేరినవాళ్లకో, సీటొచ్చినవాళ్లకో ఇస్తారు, అంటే చేతిలో అడ్మిషన్ ఉండాలి.

ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నావో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం, దాని గురించి ఒక మాట. మన దేశంలో 1300కి పైగా మూకీలు తీస్తే 30 కూడా మిగల్లేదు, 1932 నాటి తొలి తెలుగు టాకీ కూడా దొరకట్లేదు అని అందరూ రాస్తారు, చదివేవాడికి విసుగు. నువ్వు మీ మావయ్య షాపు గురించి రాయి. పెళ్లి వీడియోల్ని ఎవరు దాస్తారు అన్నది ఇంకా ఎవరూ సరిగ్గా పట్టించుకోని ప్రశ్న.

సీతమ్మధార_సుబ్బు
లోను విషయంలో నేను ఒప్పుకోను. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, జీతాలు అంతకన్నా తక్కువ, ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లి వస్తే ఈఎంఐ ఎవడు కడతాడు? జేఎన్ టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఉంది, ఏ సబ్జెక్టైనా ఇస్తారు, మంచిదే, కానీ అదీ తిరిగి కట్టాల్సిన డబ్బే, పేరు చూసి మోసపోవద్దు. నువ్వు ఎస్సీ కేటగిరీ అయితే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడొచ్చు, కాకపోతే 2022లో రూల్ మార్చి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద టాపిక్‌లు తీసేశారు, కోర్సు పేరూ టాపిక్కూ జాగ్రత్తగా చూసుకో. నా లెక్కలో నీకు సరిపోయేది అమెరికాలో మాస్టర్స్ చదవడానికి ఇచ్చే ఫుల్‌బ్రైట్ నెహ్రూ స్కాలర్‌షిప్, హెరిటేజ్ కన్జర్వేషన్, మ్యూజియం స్టడీస్ అందులో ఉన్నాయి. మిగతా అర్హతలతో పాటు మూడేళ్లు ఉద్యోగం చేసి ఉండాలి.

మద్దిలపాలెం_మౌని
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. సుబ్బు గారూ, ఆ మూడేళ్లకి కాలేజీ లైబ్రరీ ఉద్యోగం లెక్కలోకొస్తుందా? ఇక్కడ ఒక ప్రైవేట్ కాలేజీలో పోస్టుంది, జీతం మరీ తక్కువ.

సీతమ్మధార_సుబ్బు
ఫుల్‌టైమ్, జీతం ఇచ్చే పని, నువ్వు చదవబోయేదానికి సంబంధం ఉండాలి అన్నది రూలు. జీతం ఎంతన్నది కాదు. చేరేటప్పుడే పాత ఫొటోలో క్యాసెట్లో ఏదో ఒక కలెక్షన్ పని నీకు అప్పగించమని అడిగి ఆర్డర్‌లో రాయించుకో, నోటి మాటగా వద్దు. జీతం అకౌంట్లో పడేలా చూడు, చేతికిచ్చే జీతానికి రుజువేం చూపిస్తావ్.