రాత్రి బడిలో మొదటి మాట ఏది: ‘అ’నా, ‘అప్పు’నా?

దేవరకొండ_వాలంటీర్: మా ఊళ్లో మహిళా సంఘం వాళ్లకు రాత్రిపూట చదువు చెప్తున్నాను. మొదట పదకొండు మంది వచ్చారు. వరసగా అక్షరాలు దిద్దించాను, మూడు వారాలు తిరిగేసరికి నలుగురు మిగిలారు. ఇక అక్షరమాల పక్కన పెట్టి అప్పు, వడ్డీ, పత్తి, కూలి లాంటి మాటలతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. పెద్దల చదువు గురించి అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పింది ఇదే కదా: వాళ్లు జీవితమంతా వెంటేసుకుని వస్తారు, ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే కూర్చుంటారు, ఎప్పుడో కాదు ఇప్పుడు పనికొచ్చేది కావాలంటారు. అ ఆ ఇ ఈ పూర్తికాకుండా మాటల జోలికి పోవద్దని నాకు తెలిసిన పెద్దాయన ఒకరు గట్టిగా అంటున్నారు. మీరేమంటారు?

అచ్చంపేట_పంతులు: మీరు రాసిన నాలుగు మాటల్లో మూడింటికి ఒత్తులున్నాయి, చూశారా? డ ఒత్తు అయినా డలాగే ఉంటుంది. త ఒత్తుకు త పోలికే ఉండదు. పత్తి అనే మాటలో త ఏది అని అడిగితే ఏం చూపిస్తారు? వడ్లు, జొన్నలు కూడా అంతే, ల ఒత్తు, న ఒత్తు వేరే ఆకారాలు. అందుకే వరస అనేది పెట్టారు.

మూసీ_గట్టు: పంతులు గారి మాటే రైటు. పునాది లేకుండా గోడ లేవదు.

దేవరకొండ_వాలంటీర్: సార్, వరస వద్దనడం లేదు. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరి అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు 40 గంటల్లో చదువు చెప్పించాడు. ఆయన పద్ధతిలో బాగా పేరుపడ్డ మాట ‘టిజోలో’, అంటే ఇటుక. ఆ మాటను విడగొట్టి ట టె టి టొ టు, తర్వాత జ, ల వరసలు చెప్పేవాళ్లు. మన గుణింతం అదే కదా! ముందు మాట, ఆ మాట కడుపులోంచి గుణింతం. నేను కూలితో మొదలుపెడితే క గుణింతం, ల గుణింతం రెండూ వస్తాయి.

అచ్చంపేట_పంతులు: వాళ్ల లిపిలో అక్షరం కింద అక్షరం వేలాడదు. 40 గంటల లెక్క మనకు పెట్టకండి. పత్తి సంగతికి జవాబు చెప్పలేదు.

కృష్ణ_ఒడ్డు: 2011 లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. మీరు ఒత్తుల దగ్గరే ఉండండి.

దేవరకొండ_వాలంటీర్: జవాబు చెప్తాను. ఒకామెకు పత్తి ఏరి ఏరి వేళ్ల చివర్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి, బలపం నిలవదు. పలకను గోడవైపు తిప్పుకుని రాస్తుంది, కోడలు చూస్తుందని. అలాంటి మనిషితో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని గొంతెత్తి అనిపిస్తే నామోషీ కాదా? పెద్దవాళ్లను పిల్లల్లా కూర్చోబెట్టిన మీలాంటి వాళ్ల వల్లే రాత్రి బడులు ఖాళీ అయ్యాయి.

అచ్చంపేట_పంతులు: బాబూ, 1990ల్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు పగలు బడి, రాత్రి కందీలు పెట్టుకుని చెప్పినవాణ్ణి. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఎవరినీ చిన్నబుచ్చలేదు. మీరు చదివిన పుస్తకం నాకు చెప్పండి, నేర్చుకుంటాను. నా వల్ల బడి ఖాళీ అయిందని మాత్రం అనకండి.

నల్లగొండ_లైబ్రరీ: ఇద్దరూ కాస్త ఆగండి. నోల్స్ 1970లో రాసిన పుస్తకానికి ఉపశీర్షికలోనే పెద్దల చదువుకూ పిల్లల చదువుకూ పోటీ పెట్టాడు. 1980 కూర్పులో దాన్ని మార్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడక అన్నాడు. బొత్తిగా తెలియని విషయమైతే పెద్దవాళ్లకు కూడా మొదట గురువు చెయ్యి పట్టుకుని నడిపించడం కావాలని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన్ను అడ్డం పెట్టుకుని పంతులు గారిని కొట్టడం కుదరదు.

మూసీ_గట్టు: లెక్కల గురించి ఎవరూ మాట్లాడరేం? నూటికి రెండు రూపాయల వడ్డీ మా అత్తమ్మ నోటితోనే చెప్పేస్తుంది, కాగితం మీద అంకె పెట్టమంటే చెయ్యి వణుకుతుంది.

పాలమూరు_బిడ్డ: నేను రాయొద్దనుకున్నాను, కానీ రాస్తాను. మా నాయిన రాత్రి బడిలో సంతకం వరకే నేర్చుకున్నాడు. అంతకుముందు నిశానీ వేసేవాడు, వేసే ముందు ఎవరో ఒకరు కాగితం చదివి వినిపించేవాళ్లు. సంతకం వచ్చాక ఎవరూ చదవలేదు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ కాగితం ముందు పెడితే గర్వంగా పేరు రాశాడు. ఆరు నెలల పని అనుకున్నాడు, అందులో ఏడాది అని ఉంది. అడిగితే, చదువుకున్నోడివి, చూసే కదా పెట్టినవ్ అన్నారు. పనికొచ్చేదే చెప్తాం, చిన్నగా చెప్తాం అంటే నాకు భయం అందుకే.

ఇంకోటి. మా అమ్మ వేరే బడికి రెండు రోజులు పోయి మానేసింది. ఎందుకంటే “బడిలో పిల్లలకు పద్యాలు చెప్తరు, నాకు కూలి, గడ్డపార అని రాయిచ్చిండు. పొద్దుందాక చేసేది అదే కదా బిడ్డా” అంది. చిన్నప్పుడు తనను బడికి పంపలేదు. ఆమెకు కావాల్సింది ఆ పోయిన బడి. అనుభవం అనుభవం అని మీరు ఆమెను మళ్లీ కూలి దగ్గరికే తోలుతున్నారు తమ్ముడూ.

అచ్చంపేట_పంతులు: అమ్మా, నా భయం కూడా ఇదే. నేను ఒత్తుల మీద పట్టుపట్టేది అందుకే. పేరు రాయడం చదువు కాదు, పేరుకు పైన ఉన్నదంతా చదవాలి.

దేవరకొండ_వాలంటీర్: అక్కా, రాత్రంతా ఆలోచించాను. పంతులు గారికి క్షమాపణ చెప్తున్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది అక్షరాస్యత తరగతుల్లో తమ బతుకు గురించి చదువుకున్నందుకే. ఆ బలం నేను వదులుకోలేను.

అచ్చంపేట_పంతులు: సారా మీద కోపం వాళ్లకు ముందే ఉంది. చదువు దాన్ని ఒకచోట కూర్చోబెట్టింది. ఆ మాట ఒప్పుకుంటాను.

దేవరకొండ_వాలంటీర్: మానేసిన ఏడుగురి ఇళ్లకూ పోయి వచ్చాను. ఇన్ని రోజులూ ఏం కావాలని ఎవరినీ అడగలేదని అక్కడికి పోతేనే తెలిసింది. ఒకామెకు మేస్త్రీ రాసే చీటీ చదవాలి. ఇద్దరికి బస్సు బోర్డు. ఒకామె మాత్రం మనవడి పుస్తకమే కావాలంది, మొదటి పేజీ నుంచి. మిగతా ముగ్గురూ పత్తి ఏరుడు అయ్యేదాకా రామన్నారు, వాళ్లకు ఏ సిద్ధాంతమూ అడ్డం కాదు, టైమే అడ్డం.

అచ్చంపేట_పంతులు: నలుగురికి నాలుగు పలకలు పెట్టు. కానీ పత్తి మొదటి వారం వద్దు.

దేవరకొండ_వాలంటీర్: ఈ రాత్రే రాశాను సార్. త ఒత్తు దగ్గర ముగ్గురు ఆగిపోయారు. పలక గోడవైపు తిప్పుకునే ఆమె చదివింది.