అప్‌డేట్: యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోయే కారు సంగతి

మా 2006 మోడల్ చిన్న కారు స్పీడ్ బ్రేకర్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతోందని పోయిన నెల అడిగాను కదా, కారణం దొరికింది. ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు తోడే పంపు మార్చెయ్యమన్నారు కొందరు. మార్చి ఉంటే డబ్బులు గోదాట్లో పోసినట్టే!

అమలాపురంలో మెకానిక్ బాబాయ్, ఇంజన్ నడుస్తుండగానే ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) వెళ్లే రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచాడు. ఠక్కున ఆగింది. అడుగున, మడతల మధ్య వేలెడు చీలిక. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సార్ లెక్కకు రాని గాలి అందులోంచి దూరుతుంటే, దానికి తగ్గ పెట్రోలు అందట్లేదట. ఫిల్టర్ నిండా మాసూళ్ల దుమ్ము, ఊక. అదీ మార్చి, థ్రాటిల్ బాడీలో మసి కడిగాడు.

నిన్న సిద్ధాంతం వంతెన మీద 20 నిమిషాలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఒక్కసారీ ఆగలేదు. ఏసీ వేస్తే మాత్రం ఇంకా కాస్త వణుకుతోంది.