చేపల వేట నిషేధంలో మొదలెట్టిన నవల మిగతా పది నెలలూ మూలన పడుతోంది, మీరెలా రాస్తున్నారు?

కళాసీ_కథలు:
అందరికీ నమస్తే. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కళాసీని, అంటే బోటు పనివాణ్ణి నేను. ఇంటర్ దాకా చదివా, కథలు రాస్తా, రెండు మూడు అచ్చయ్యాయి కూడా. ఇప్పుడు నవల పట్టుకున్నా, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు జాలరిపేటలో ఒక ఇంట్లో జరిగేది. సమస్య ఏటంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ కూర్చుని రాసేద్దాం అని ప్రతి ఏడూ అనుకుంటా, తీరా చూస్తే బోటు పైకి లాగి చెక్కలు మార్చడం, రంగులెయ్యడం, వలలు బాగుచేసుకోడం, చుట్టాల పెళ్లిళ్లు, సింహాచలం చందనోత్సవం, దానికి తోడు మే నెల ఉక్క, రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చుంటే చెమటకి పెన్ను జారిపోద్ది. ఎలాగో ఊపందుకునేసరికి జూన్ 15 వచ్చేస్తాది. వేటకెళ్తే పది పదిహేను రోజులు నీళ్ల మీదే. ఒడ్డుకొచ్చి ఆ కాగితాలు తీస్తే ఎవరో రాసినట్టుంటాది, నా హీరోయిన్ ఎలా మాట్లాడతాదో నాకే గుర్తుండట్లేదు. సీజన్ పనులు చేసుకుంటూ రాసేవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. పని మానెయ్ అని మాత్రం అనకండి, పాప స్కూల్ ఫీజు ఉంది.

టెంట్‌హౌస్_గాజువాక:
అన్నా సేమ్ టు సేమ్. మాది షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు. ముహూర్తాలుంటే రాత్రి రెండింటికి ఒక పందిరి విప్పి తెల్లారేలోపు ఇంకో చోట కట్టాల. ఆషాఢం వచ్చినా మూఢం వచ్చినా ఖాళీ. ఉగాదికి పంచాంగం కొంటే అందరూ రాశిఫలాలు చూస్తారు, నేను ముందు మూఢం ఎప్పుడొచ్చిందో చూస్తా 😀
మాట తీరు పోతోందన్నారు కదా, దానికి నేను చేసేది చెప్తా. నా కథలో వంటమేస్త్రి ఒకడున్నాడు, వాడు హెల్పర్ కుర్రాణ్ణి తిట్టేది ఒక పేజీ రాసి పెట్టుకున్నా, "ఏరా, సాంబార్లో ఉప్పెయ్యమంటే పెళ్లికూతుర్ని చూస్తూ నిలబడ్డావా, ఆ గరిటె ఇలా తే" అని మొదలవుద్ది. అది కథలో ఎక్కడా రాదు. కానీ సీజన్ అయ్యాక రాయడానికి కూర్చుంటే ముందు అది పైకి చదువుతా, పది నిమిషాల్లో వాడు మళ్లీ నోట్లోకొచ్చేస్తాడు. మీ హీరోయిన్ చేత కూడా ఎవర్నన్నా తిట్టించండి. మనుషులు బుద్ధిగా మాట్లాడేటప్పుడు అందరూ ఒకేలా ఉంటారు, తిట్టేటప్పుడే ఎవరి తీరు వాళ్లది.

కాఫీతోట_అరకు:
తిట్ల పేజీ బాగుంది, నేనూ వాడుకుంటా. మాకు నవంబర్ నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు కోత, కోసినవి ఆ రోజే పల్పింగ్ పట్టాలి, అంటే పైతొక్క తీసెయ్యాలి, లేకపోతే రుచి చెడిపోద్ది, సరిగ్గా అదే టైంకి చలి చూడ్డానికి టూరిస్టులు ఎగబడతారు, మా అత్తగారు రెండు గదులు అద్దెకిస్తారు కాబట్టి వాళ్ల టీ టిఫిన్లూ నేనే. సంక్రాంతి కథల పోటీలు ఎప్పుడూ ఆ రద్దీలోనే పడతాయి, వాటి మీద ఆశ వదిలేసుకున్నా.
నా మాట ఏంటంటే నవలని నవలలా మోయకండి. ఒక్కో అధ్యాయం విడి కథలా రాయండి, మొదలూ చివరా దానికే ఉండేలా. ఒక వేటకీ ఇంకో వేటకీ మధ్య ఒడ్డున ఉండే నాలుగు రోజుల్లో ఒకటి పూర్తయితే అయినట్టే, తర్వాతది ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలా అన్న బెంగ ఉండదు. తుఫాను ఇంట్లో కథ కాబట్టి ఇంకా సులువు, ఇంట్లో ఒక్కో మనిషికి ఒక్కో అధ్యాయం. అన్నట్టు హుద్‌హుద్‌కి మా వైపు సిల్వర్ ఓక్ చెట్లు కుప్పలుగా పడిపోయి కాఫీ మొక్కలకి నీడ లేకుండా పోయింది. మీ కథలో ఏజెన్సీ చుట్టం ఎవరైనా ఉంటే అడగండి, చెప్తాను.

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, ఏప్రిల్ మే నెలలు నీ చేతిలో లేవని నువ్వే చెప్తున్నావు. మరి అక్టోబర్ నవంబర్ సంగతేమిటి? వాయుగుండం అనగానే పోర్టులో హెచ్చరిక ఎగరేస్తారు, బోట్లన్నీ జెట్టీకి వచ్చేస్తాయి, అప్పుడు వేసవి రిపేర్ల హడావుడి ఉండదు. పైగా నువ్వు రాసేది తుఫాను గురించే. ఆ రోజుల్లో హార్బర్‌లో కూర్చుని చూసింది చూసినట్టు రాసుకో. ఇంకోటి, తక్కువ రాస్తున్నానని కుంగిపోకు. కథారచయిత కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, ఈ ఊళ్లోనే బళ్లో పాఠాలు చెప్పుకుంటూ రాసిన కథలు లెక్కకి కొద్దే, ఆయన 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ కథానిలయానికి ఒకసారి వెళ్లి రా.

కళాసీ_కథలు:
మాస్టారూ, హెచ్చరిక రోజులు నాకు తట్టనేలేదు. ఖాళీ దొరికింది కదాని పేకాటలో కూర్చునేవాళ్లం అందరం. ఇంకో డౌటు. వల దించాక మూడు గంటలు అలా లాగుతూ పోతాం, తర్వాత వల ఎత్తి రొయ్యలు ఓవైపు, కానాగంతలు ఓవైపు ఏరి ఐసులో వెయ్యాలి, మళ్లీ వల దించుతాం, రాత్రీ పగలూ ఇదే. ఆ మూడు గంటల్లో బోటు నడిపే సరంగు తప్ప అందరూ పడుకుంటారు. నేను రాయొచ్చా అని.

రిటైర్డ్_మాస్టారు:
వద్దు. పడుకో. నిద్రమత్తులో వించ్ తాడులో చెయ్యి పడితే వేటా పోతుంది, రాతా పోతుంది.

కాఫీతోట_అరకు:
మాస్టారి మాటే నాదీ. మరీ ఏదన్నా తడితే రెండు ముక్కలు గీకి పెట్టుకోండి, అంతే.

కళాసీ_కథలు:
సరే అయితే. ఫోన్లో వాయిస్ రికార్డ్ పెడితే ఇంజిన్ మోత తప్ప ఏం వినబడట్లేదు, పుస్తకమేమో ఉప్పునీళ్లకి తడిసి ఇంకు అలుక్కుపోతోంది.

టెంట్‌హౌస్_గాజువాక:
పెన్సిల్ వాడండి అన్నా, తడిసినా అలుక్కుపోదు. వానలో పందిరి లెక్కలన్నీ మేం దాంతోనే రాస్తాం. చిన్న నోట్‌బుక్ ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి బట్టల సంచిలో పడెయ్యండి. ఆ తిట్ల పేజీ రాశాక ఇక్కడ పెట్టండి, మీ జాలరిపేట తిట్లు మా గాజువాక తిట్లకంటే ఘాటని విన్నా, చూద్దాం.