నెలకు 80 డాలర్ల డాక్టరు సరే, కొలనోస్కోపీకి డబ్బెవరిది?

ఫ్రిస్కో_పెసరట్టు: నాకు 47. పోయినేడు ఉద్యోగం మానేసి సొంత కన్సల్టింగ్ పెట్టుకున్నా. ఇన్సూరెన్సు ప్రీమియం చూసి కళ్ళు తిరిగి, అది వదిలేసి డైరెక్ట్ ప్రైమరీ కేర్‌లో చేరా. నెలకు 80 డాలర్లు, ఎన్నిసార్లు వెళ్ళినా విడిగా ఫీజు లేదు, డాక్టరుకే నేరుగా మెసేజ్ పెట్టుకోవచ్చు. మొన్న ఆవిడ "45 దాటింది కదా" అని పెద్దపేగు కేన్సర్ కోసం ఇంట్లోనే చేసుకునే మలపరీక్ష, ఫిట్ కిట్టు చేతిలో పెట్టింది. కమోడ్ మీద పరిచే కాగితం, ఒక పుల్ల, బుల్లి సీసా. మా బావమరిది (డాక్టరేం కాదు, సాఫ్ట్‌వేరే) అది కంటితుడుపు, గొట్టం పెట్టి పేగంతా చూసే కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే అంటాడు. మీరేమంటారు?

పులిహోర_పొట్లం: బావమరిదిదే రైటు. ఫిట్ మలంలో కంటికి కనబడని రక్తాన్ని పడుతుంది, అంతే. 2014లో దాదాపు 10,000 మంది మీద చేసిన అధ్యయనంలో కేన్సర్లలో 74 శాతం దొరికాయి గానీ, కేన్సరయ్యేలా ఉన్న పాలిప్‌లలో (పేగు లోపల పెరిగే బుడిపెలు) 24 శాతమే. కొలనోస్కోపీలో కనబడగానే తీసేస్తారు. అంతా బాగుంటే పదేళ్ళు ఆ ఊసే ఉండదు.

ఎడిసన్_అత్తగారు: బాబూ, ఆ 24 శాతం ఒక్కసారి చేస్తే వచ్చే లెక్క. ఇక్కడ ఫిట్ ఏటా చేయించేది. స్పెయిన్‌లో 57 వేల మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. కొలనోస్కోపీకి పిలిచినవాళ్ళలో పదేళ్ళలో ఈ కేన్సర్‌తో పోయింది 0.22 శాతం, రెండేళ్ళకోసారి ఫిట్‌కి పిలిచినవాళ్ళలో 0.24. కొలనోస్కోపీకి రమ్మంటే 32 శాతమే వచ్చారు మరి, ఫిట్‌కి 40.

కొలనోస్కోపీని నేనే మూడుసార్లు వాయిదా వేశా. ముందు కొన్ని రోజులు గింజలు వద్దన్నారు. వంకాయ లేదు, టమాటా పచ్చడి లేదు, నువ్వులపొడి లేదు, పోపులో ఆవాలు కూడా లేవు. ముందురోజు మజ్జిగ అడిగితే అదీ పాల లెక్కేనన్నారు. పేగు ఖాళీ అవడానికి తాగించే ఆ ఉప్పటి మందునీళ్ళ గురించి చెప్పను, భోజనాల వేళ.

కేటీ_కందిపొడి: మీరిద్దరూ పరీక్ష దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు సీసాలో పాజిటివ్ వచ్చిన మర్నాడు మొదలవుతుంది. ఇన్సూరెన్సు ఉంటే 45 నుంచి స్క్రీనింగ్ ఉచితం, ఆ వయసు 2021లో 50 నుంచి తగ్గించారు. ఫిట్ పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీ కూడా 2022 నుంచి ఆ లెక్కలోకే వచ్చింది. అన్నకి ఆ రక్షణ లేదు. 80 డాలర్లకి డాక్టరు దొరుకుతుంది గానీ ఎండోస్కోపీ గది దొరకదు.

నాకు జరిగిందే చెప్తున్నా. డైరెక్ట్ ప్రైమరీ కేర్‌తోపాటు హెల్త్ షేరింగ్ (సభ్యులే ఒకరి బిల్లులు ఒకరు పంచుకునే పథకం, ఇన్సూరెన్సు కాదు) ఒకటి ఉండేది. ఫిట్ పాజిటివ్ రాగానే వాళ్ళు ఇది ప్రివెంటివ్, అంటే ముందుజాగ్రత్త పరీక్ష, మేం ఇవ్వం అన్నారు. హాస్పిటల్‌వాళ్ళు గదికి ఒక బిల్లు, మత్తుకి ఒకటి, బయాప్సీకి ఒకటి చెప్పారు. మా డాక్టరే కూర్చుని మూడు సెంటర్లకి ఫోన్ చేసి, అన్నీ కలిపి అందులో సగంకన్నా తక్కువకి మాట్లాడింది. అందుకే ఆ పద్ధతిని తిట్టలేను. రెండు చిన్న పాలిప్‌లు తీశారు, మళ్ళీ ఏడేళ్ళకి రమ్మన్నారు. అన్నా, కిట్టు తెరిచే ముందే మీ ఊళ్ళో నగదు రేటెంతో కనుక్కో. పాజిటివ్ వచ్చాక డబ్బుల్లేక ఊరుకుంటే ఆ ఫిట్ చేయించీ దండగే.

ఎడిసన్_అత్తగారు: అది సరే, ఒకటి అడగడం మర్చిపోయా. రక్తం కనబడటం లాంటివేం లేవుగా? ఇంట్లో ఎవరికైనా ఉందా?

ఫ్రిస్కో_పెసరట్టు: రక్తమేం లేదండీ. ఇంట్లో కూడా లేదు, ఫారంలో అదే రాశా. నాన్నకి 54 ఏళ్ళప్పుడు గుంటూరులో పేగులో గడ్డకి ఆపరేషన్ అయింది, నాలుగేళ్ళకి పోయారు. అది గడ్డే అన్నారు.

పులిహోర_పొట్లం: ఏం గడ్డ?

ఎడిసన్_అత్తగారు: మనిళ్ళల్లో కేన్సర్ అనే మాట ఎవరంటారు బాబూ, గడ్డే అంటారు. అమ్మానాన్నల్లో ఒకరికి 60 లోపు వచ్చుంటే 40 నుంచే చూపించుకోవాలి, అదీ కొలనోస్కోపీయే, అయిదేళ్ళకోసారి. ఇందాక ఫిట్ తరఫున నేనన్నదేదీ నీకు వర్తించదు. ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి.

ఫ్రిస్కో_పెసరట్టు: చేశా. బీరువాలో నాన్న పెన్షన్ కాగితాల కింద బయాప్సీ రిపోర్టు దొరికిందట, వాట్సాప్‌లో ఫోటో పంపింది. అడినోకార్సినోమా అని ఉంది, అంటే కేన్సరే. రాత్రి పదకొండింటికి డాక్టరుకి పంపితే వెంటనే జవాబిచ్చింది: కిట్టు తెరవొద్దు, రేపు పొద్దున్నే సెంటర్లకి ఫోన్ చేస్తా అని.

కేటీ_కందిపొడి: మా డాక్టరు మాట్లాడిన సెంటరు వివరాలు మెసేజ్‌లో పంపా. చూసుకో అన్నా.