సీనియర్ ఆఫీసులో జూనియర్‌కు నెలవారీ భృతిని తప్పనిసరి చేయాలా?

చర్చకు పెట్టినవారు:
జూనియర్ న్యాయవాదులకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల భృతి ఇవ్వాలని న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే గాని ఆదేశం కాదు. దాన్ని తప్పనిసరి చేయడం సబబేనా?

జూనియర్ (ప్రాక్టీసులో రెండో ఏడు, గుంటూరు జిల్లా):
నా మటుకు సబబే. ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లి ఆనాటి వాయిదాల కట్టలు తీసి డైరీతో సరిచూడడం, కోర్టులో కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్‌లో నిలబడి మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారంటూ పాస్ ఓవర్, అంటే కేసు కాసేపాగి పిలవమని, అడగడం, ఆపైన నకళ్ల కోసం కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరగడం, సాయంత్రం కౌంటర్లకు, అంటే అవతలి పక్షానికి ఇచ్చే జవాబులకు, చిత్తుప్రతులు రాయడం నా దినచర్య. పని నేర్చుకుంటున్నావు కదా అంటారు, నిజమే, కాదనను. అయితే మా ఆఫీసులో కక్షిదారు గుమాస్తా ఫీజు విడిగా ఇస్తారు, కక్షిదారు తన తరఫున వాదించమని ఇచ్చే వకాలత్నామా మీద సీనియర్ గారి సంతకం పక్కన నా సంతకమూ ఉంటుంది, నాకు మాత్రం పండక్కి బట్టలు పెడతారు. గత నెల ఒక దావాలో నోటీసు బత్తా (ఎదుటి పక్షానికి నోటీసు అందించేందుకు కోర్టుకు కట్టే రుసుము) కట్టడానికి ఆఖరి రోజు కావడంతో నా జేబులోంచి కట్టాను. ఆ డబ్బు సంగతి ఎత్తడానికి ఇప్పటికీ మొహమాటమే.

సీనియర్ (ముప్పై ఏళ్ల ప్రాక్టీసు, చిన్న ఊరి కోర్టు):
ఆ బత్తా డబ్బు మీకు అడగకుండానే అందాల్సింది. భృతి తప్పనిసరి అంటే మాత్రం ఒప్పుకోను. మాలాంటి చోట్ల ఒక నెల రాబడి ఉంటే రెండు నెలలు ఉండదు. ప్రమాద పరిహారపు కేసుల్లో బీమా కంపెనీ డబ్బు జమ చేసేదాకా చాలామంది కక్షిదారులు ఫీజు ఇచ్చుకోలేరు. నెలకు 15,000 ఇచ్చి తీరాలంటే ముగ్గురు జూనియర్లున్న చోట ఒక్కరే మిగులుతారు, ఆ ఒక్కరూ తెలిసిన వకీలు గారి అబ్బాయో అమ్మాయో అవుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో లా నేస్తం పేరిట కొత్త న్యాయవాదులకు మూడేళ్లపాటు నెలకు 5,000 ఇచ్చే పథకం తెచ్చింది. భారం ఉండాల్సింది అక్కడే.

జూనియర్:
ఆ 5,000 బస్సుకూ జిరాక్సులకూ చాలుతుంది, అద్దెకు చాలదు. రాబడి నెలనెలా రాదన్న మాట ఒప్పుకుంటాను. అలాగైతే నెల లెక్క వదిలేద్దాం. వకాలత్‌లో జూనియర్ సంతకం ఉన్న ప్రతి కేసులోనూ ఫీజు అందిన రోజే ఒక వాటా ఇవ్వాలి, అది ఎంతో ఆఫీసులో చేరిన నాడే చెప్పాలి.

సీనియర్:
పదో వంతు అనుకుంటే నాకు సమ్మతమే. అంతకు మించితే మా గుమాస్తా నన్ను నిలదీస్తాడు.