గ్రానైట్ ప్రాంతపు భూగర్భజల మోడల్: నెలవారీ నీటిమట్టాలు పీజోమీటర్లతో (నీటిమట్టం కొలిచే గొట్టపు బావులు) ఎందుకు కలవట్లేదు?

మొరం_పొర:
హైదరాబాద్ దగ్గరి మహేశ్వరం లాంటి 50 చ.కి.మీ. గ్రానైట్ పరీవాహక ప్రాంతానికి మాడ్‌ఫ్లో 6లో (భూగర్భజల ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రాం), ఫ్లోపైతో (దాన్ని పైథాన్‌తో నడిపే లైబ్రరీ) మోడల్ కడుతున్నాను. గడి 100 మీటర్లు. పొరలు రెండు: పైన 15 మీ. మొరం, కింద 20 మీ. పగుళ్ల రాయి. మొత్తం 36 నెలలు. నెలకొక స్ట్రెస్ పీరియడ్ (తోడకం, రీఛార్జి మారకుండా ఉండే వ్యవధి), అందులో ఒకటే టైమ్ స్టెప్ (మట్టాన్ని లెక్కగట్టే అంచె).

మొదటి రన్‌లో ఎండాకాలం రాగానే మట్టాలు పదుల మీటర్లు కుప్పకూలాయి. స్టోరేజీ ప్యాకేజీలో (పొర ఎంత నీరు నిల్వ చేస్తుందో చెప్పే భాగం) ఐకన్వర్ట్ అనే మీటను 1 చేశాక కూలడం ఆగింది గానీ, ఇప్పుడు ఏడాదంతా అర మీటరు కూడా కదలట్లేదు. పీజోమీటర్లలో వానాకాలపు పెరుగుదల 5 మీటర్లుంది. రీఛార్జిని (నేలలోకి ఇంకి భూగర్భజలానికి చేరే నీరు) మూడింతలు చేస్తే ఊగిసలాట కొంచెం పెరిగింది, కానీ ఏటికేడు మట్టం పైకి పోతూనే ఉంది. ముందు దేన్ని సరిచేయాలి?

బోరులెక్క:
రెండు లక్షణాలూ స్టోరేజీ దగ్గరే పుట్టాయండి. రీఛార్జి జోలికి ఇప్పుడే పోవద్దు.

ఫ్లోపైలో ఏమీ ఇవ్వకపోతే ఐకన్వర్ట్ 0, ఎస్ఎస్ (ఒత్తిడి తగ్గితే ఒక్కో మీటరు మందం విడిచే నీటి వంతు) 0.00001, ఎస్‌వై (మట్టం దిగితే రాయి విడిచే నీటి వంతు) 0.15గా పడతాయి. ఐకన్వర్ట్ 0 అంటే ఆ పొరను ఎప్పుడూ నిండుగా, ఒత్తిడిలో ఉన్న భూగర్భ జలపొరగా లెక్కగట్టు అని చెప్పినట్టే. మీరు ఎస్‌వై ఎంత ఇచ్చినా పట్టించుకోదు. 20 మీ. పొరకు స్టోరేజీ 0.0002 మాత్రమే మిగులుతుంది. అందుకే కాస్త తోడినా మట్టం అంతలా పడింది. 1 చేయగానే 0.15 అమల్లోకి వచ్చింది. అది ఏటి ఇసుకకు సరిపోయే అంకె. ఉదాహరణకు 70 మి.మీ. నీరు నికరంగా చేరితే 0.15 దగ్గర మట్టం 47 సెం.మీ. లేస్తుంది, 0.014 దగ్గర సరిగ్గా 5 మీటర్లు లేస్తుంది. మీకు కనిపించిన అర మీటరు ఆ 47 సెం.మీ.లే.

అయితే 0.014 అని ఊరికే వేసేయకండి. వానాకాలపు పెరుగుదల మీకు రీఛార్జికి, ఎస్‌వైకి ఉన్న నిష్పత్తిని మాత్రమే చెబుతుంది. రెండింటినీ ఒకేసారి కాలిబ్రేషన్‌కు (కొలతలతో కలిసేలా అంకెలు సర్దడానికి) వదిలితే వంద జతలు కుదురుతాయి, అన్నీ తప్పే కావచ్చు. వాన లేని, వాగులు ఎండిన నెలల్లో రీఛార్జి దాదాపు ఉండదు, కాబట్టి ఎస్‌వైని అక్కడ పట్టుకోవాలి. జనవరి–ఏప్రిల్ మధ్య సగటున మట్టం ఎంత దిగింది? బోర్లెన్ని, ఒక్కోటి ఎంత పోస్తుంది?

మొరం_పొర:
సగటున 3.4 మీ. దిగింది. నడుస్తున్న బోర్లు 600. ఒక్కోటి సెకనుకు సుమారు 2 లీటర్లు, రోజుకు 7 గంటలు. దాదాపు అంతా వరే. నీటిమట్టం 10 నుంచి 25 మీ. లోతులో ఉంది.

బోరులెక్క:
ఒక్కో బోరు రోజుకు 50.4 ఘనపు మీటర్లు. 600 బోర్లు, 120 రోజులకు 36.3 లక్షల ఘ.మీ. దాన్ని 5 కోట్ల చ.మీ. మీద పరిస్తే సుమారు 73 మి.మీ. బోరు నీటితో వరి పండించేచోట ఈ లోతుకు భూగర్భజల అంచనా కమిటీ (జీఈసీ) 1997 ప్రమాణం ప్రకారం 35 శాతం తిరిగి ఇంకుతుంది. నికరంగా పోయింది 47 మి.మీ. 3.4 మీటర్లతో భాగిస్తే 0.0139. మహేశ్వరం మీద వచ్చిన పరిశోధనల్లోనూ ఎస్‌వై 1.4 శాతం చుట్టూనే తేలింది.

ఇప్పుడు వానాకాలానికి రండి. 5 మీటర్లను 0.014తో గుణిస్తే 70 మి.మీ. ఖరీఫ్‌లో నికరంగా తోడింది 25 మి.మీ. అనుకుంటే మొత్తం రీఛార్జి 95 మి.మీ. వాన 750 మి.మీ. అయితే 12–13 శాతం. గ్రానైట్‌కు ఇది పై అంచు, చెరువుల నుంచి ఇంకిందీ ఇందులోనే ఉంది. ఇవ్వాల్సింది రోజుకు మీటర్లలో: 30 రోజుల నెలలో 60 మి.మీ. అంటే 0.002. ఈ యూనిట్ దగ్గర చాలా మోడళ్లు చెడిపోతాయి.

నెలకు ఒక స్టెప్ చాలదు. బోర్లు ఆన్ అయిన తొలిరోజుల్లోనే మట్టం వేగంగా మారుతుంది. 10 స్టెప్పులు, గుణకం 1.2 (ప్రతి స్టెప్ ముందుదానికి 1.2 రెట్లు) ఇస్తే మొదటి స్టెప్ 1.16 రోజులకు వస్తుంది.

చెరువుకట్ట:
ఒక చిక్కు మిగిలింది. మొదటి పీరియడ్‌ను స్టెడీగా (మట్టం మారని స్థితిలో) నడిపి అక్కడి నుంచి మొదలుపెట్టమని పుస్తకాల్లో ఉంటుంది. తోడేది రీఛార్జిని మించిన చోట స్టెడీ స్థితి అనేదే లేదు. సగటు తోడకం పెడితే గళ్లన్నీ ఎండుతాయి, పెట్టకపోతే మట్టం లేచి నేల పైభాగానికి తగులుతుంది. ఇక్కడ మే నెలాఖరు కొలతలతో పటం గీసి, దాన్నే ఆరంభ మట్టంగా ఇవ్వడం మేలు. మొదటి ఏడాది వానను, తోడకాన్ని రెండుసార్లు వరుసగా నడిపి ఆ ఫలితాలను పారేయండి. పటంలోని గతుకులు ఆ రెండేళ్లలో సర్దుకుంటాయి. ఆ రెండేళ్లలో సగటు మట్టం పీజోమీటర్లు చూపినదానికి మించి ఒకే వైపు జారితే మీ నీటి లెక్కలో ఇంకా తేడా ఉన్నట్టే.

చెరువుకు రివర్ ప్యాకేజీ (నదికీ భూగర్భజలానికీ మధ్య నీటి మార్పిడిని లెక్కగట్టే భాగం) వాడితే జాగ్రత్త. ఏప్రిల్‌లో ఎండిపోయిన చెరువు కూడా మోడల్‌లో నీళ్లిస్తూనే ఉంటుంది. మాడ్‌ఫ్లో 6లో ఒక పీరియడ్‌కు ఇచ్చిన జాబితా, తర్వాతి జాబితా వచ్చేదాకా కొనసాగుతుంది. ఆపాలంటే ఆ నెలకు ఖాళీ జాబితా ఇవ్వాలి. బోర్ల ప్యాకేజీకీ ఇదే నియమం. కోత అయ్యాక మే నెలలోనూ 600 బోర్లు తోడుతున్న మోడళ్లు ఎక్కువగా ఇలా తయారైనవే. చెరువు నీరు నిలిచిన రోజుల్లో, నీటి విస్తీర్ణం మీద రోజుకు 1.4 మి.మీ. అన్నది అదే జీఈసీ లెక్క. దాన్ని రీఛార్జిలోనే కలిపేస్తే పని తేలిక. అప్పుడు మిగతా చోట్ల వాన శాతం 12 కంటే తగ్గించాలి, లేకపోతే ఒకే నీటిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

మొరం_పొర:
బోర్లన్నీ పై పొరలోనే పెట్టాను. మొరంలో సగం గళ్లు ఎండిపోయే ఉన్నాయి. అది తప్పా?

బోరులెక్క:
మొరం ఎండి ఉండటం తప్పు కాదు, ఇప్పుడు నేల మీద ఉన్న నిజమే అది. బోర్లు మాత్రం కింది పొరలో ఉండాలి, నీళ్లు దొరికేది పగుళ్ల రాయిలోనే. న్యూటన్ పద్ధతి ఆన్ చేయండి, లేకపోతే ఎండిన గళ్లు లెక్కలోంచి తప్పుకుని వాటితో పాటు తోడకాన్నీ మింగేస్తాయి. బోర్ల ప్యాకేజీలో ఆటో ఫ్లో రెడ్యూస్ 0.1 ఇస్తే, గడి మందంలో పదో వంతుకు నీరు దిగాక తోడకం తగ్గుతూ వస్తుంది. అప్పుడు మీరు అడిగినదానికీ మోడల్ నిజంగా తోడినదానికీ తేడా వస్తుంది. నీటి రాకపోకలు రాసే బడ్జెట్ ఫైల్‌లో ప్రతి నెలా ఆ రెండూ పోల్చండి. 10 శాతం తేడా ఉన్నా, మట్టం చక్కగా కలిసినట్టు కనిపించడం నమ్మదగ్గది కాదు.

చెరువుకట్ట:
పోల్చేటప్పుడు సముద్రమట్టం నుంచి ఎత్తులు కాకుండా మార్పులు పోల్చండి. ఉపగ్రహ ఎత్తుల పటంలో కొన్ని మీటర్ల పొరపాటు మామూలే. మీ ఊగిసలాటే 5 మీటర్లు కదా. ప్రతి పీజోమీటరుకూ తొలి కొలతను సున్నాగా పెట్టి, అక్కడి నుంచి ఎంత లేచింది, ఎంత దిగింది చూడండి. పక్క బోరు నడుస్తుండగా తీసిన కొలతలను తీసేయండి. 100 మీటర్ల గడి ఇచ్చేది సగటు మట్టం, బోరు చుట్టూ మట్టం గుంటలా దిగడం అందులో కనపడదు.